రేకు వంచండి.. లెక్క తేల్చండి!

మెకానికల్‌ చదివినా సుత్తి పట్టని విద్యార్థులు ఎందరో! ఇంట్లో ఓ మూల, నాలుగు చేతి పనిముట్లు, గుప్పెడు రేకు ముక్కలు ఉంటే చాలు. ఇంటర్వ్యూలో ధైర్యంగా చెప్పుకోవడానికి సొంత అనుభవం మిగులుతుంది. ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

ఒక ఇంటర్వ్యూ ఊహించుకోండి. బల్లకు అవతల ప్రొడక్షన్‌ మేనేజర్‌ కూర్చున్నారు. షీట్‌ మెటల్‌ గురించి అడిగితే బెండింగ్‌, పంచింగ్‌, డీప్‌ డ్రాయింగ్‌ అంటూ మీరు గడగడా చెప్పేశారు. ఆయన తలూపి, సొరుగులోంచి ఓ అల్యూమినియం పట్టీ తీసి మీ ముందు పెట్టారు.

‘ఇది సరిగ్గా 100 మిల్లీమీటర్ల పొడవుంది. మందం 1 మి.మీ. మధ్యలో 90 డిగ్రీలకు వంచి, రెండు రెక్కలనూ బయటివైపు నుంచి కొలిచి కూడితే ఎంతొస్తుంది?’

‘వందే కదా సర్‌!’ అని నోటిదాకా వస్తుంది. కానీ రాదు. వందకంటే ఎక్కువే వస్తుంది. ఎందుకొస్తుందో మన పుస్తకాల్లో ఉంది. బెండ్‌ అలవెన్స్‌ ఫార్ములా పరీక్షల్లో రాసే ఉంటారు. అయినా ఆ క్షణంలో గుర్తురాదు. కారణం ఒక్కటే. మనం దాన్ని చదివాం తప్ప, చేసి చూడలేదు.

ఇప్పుడు మనం చెప్పుకోబోయేది ఆ లోటు ఇంట్లోనే తీర్చుకునే దారి. దీనికి పెద్ద మెషిన్లు అక్కర్లేదు. అయితే ఊరికే సుత్తితో కొడుతూ కూర్చుంటే లాభం లేదు. కొట్టే ముందు ఎంతొస్తుందో అంచనా వేయాలి. కొట్టాక కొలవాలి. తేడా ఎంతో, ఎందుకో రాసుకోవాలి. అలవాటుగా సాగే చేతిపనిని ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యంగా మార్చేది ఈ మూడో మెట్టే.

ఏమేం కావాలి?

హార్డ్‌వేర్‌ దుకాణానికి వెళ్తే అన్నీ కొనాలనిపిస్తుంది. ఆగండి. మొదటి రెండు నెలలకు ఇవి చాలు.

* బెంచ్‌ వైస్‌: 4 అంగుళాల దవడలున్నది. జాబితాలో ఎక్కువ ఖరీదైంది ఇదే. పాతది దొరికితే ఇంకా మంచిది. దవడలు సమానంగా మూసుకుంటున్నాయో లేదో వెలుతురుకు పట్టి చూసి తీసుకోండి.
* బాల్‌ పీన్‌ సుత్తి: 300 నుంచి 500 గ్రాములది. పెద్ద సమ్మెట అవసరం లేదు.
* మ్యాలెట్‌: చెక్కది గానీ, నైలాన్‌ది గానీ. రేకు మీద మచ్చ పడకుండా వంచేది ఇదే.
* రేకుల కత్తెర: నేరుగా కత్తిరించే రకం ఒకటి.
* ఆకురాయి: వర్క్‌షాపులో ఫైల్‌ అంటారు. 10 అంగుళాల ఫ్లాట్‌ ఒకటి, సన్నటి హాఫ్‌ రౌండ్‌ ఒకటి. పిడి లేకుండా కొనొద్దు.
* హ్యాక్‌సా: అంగుళానికి 32 పళ్లున్న బ్లేడుతో. పళ్లు ముందుకు చూసేలా బిగించాలి.
* డ్రిల్‌: చేత్తో తిప్పేదైనా, కరెంటుదైనా సరే. 2 నుంచి 5 మి.మీ. దాకా నాలుగైదు బిట్లు.
* స్టీల్‌ స్కేలు, ట్రై స్క్వేర్‌, గీత గీసే స్క్రైబర్‌, సెంటర్‌ పంచ్‌, కోణమానిని.
* వెర్నియర్‌ క్యాలిపర్‌: 0.02 మి.మీ. దాకా కొలిచేది. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా సగం పనే.

వీటికి తోడు అడుగు పొడవున్న ఎల్‌ యాంగిల్‌ ముక్కలు రెండు తెచ్చుకోండి. గేట్లు, కిటికీలు చేసే వెల్డింగ్‌ షాపుల్లో తుక్కుగా పడి ఉంటాయి. వైస్‌లో ఆ రెండింటి మధ్య రేకు బిగిస్తే అదే మీ బెండింగ్‌ మెషిన్‌.

వైస్‌ను ఊగే బల్లకు బిగించొద్దు. బల్ల కదిలితే మీ దెబ్బలో సగం బలం దానికే పోతుంది. మీరు నిలబడినప్పుడు వైస్‌ పైభాగం మీ మోచేతి ఎత్తుకు రావాలి. పాతకాలం ఫిట్టర్లు చెప్పే కొలత ఇది. ఆకురాయి నేలకు సమాంతరంగా నడవాలంటే ఆ ఎత్తే సరైంది.

ఏ రేకుతో మొదలుపెట్టాలి?

మెత్తటి అల్యూమినియం, 1 మి.మీ. మందం. ఫ్యాబ్రికేషన్‌ షాపుల్లో కత్తిరించగా మిగిలిన ముక్కలు కిలోల లెక్కన దొరుకుతాయి. దుకాణంలో గేజి చెప్పి అడిగితే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. గేజి సంఖ్య పెరిగే కొద్దీ మందం తగ్గుతుంది. స్టాండర్డ్‌ వైర్‌ గేజి ప్రకారం 18 గేజి అంటే సుమారు 1.22 మి.మీ., 20 గేజి 0.91 మి.మీ., 22 గేజి 0.71 మి.మీ. ఇంటికొచ్చాక వెర్నియర్‌తో కొలిచి చూడండి. దుకాణదారు చెప్పిందీ, మీకు వచ్చిందీ రెండూ రాసుకోండి. మీ నోటుబుక్కులో మొదటి పద్దు అదే.

అల్యూమినియం చేతికి పట్టుబడ్డాక స్టీలుకు వెళ్లొచ్చు. 300 మి.మీ. చదరపు ముక్క, 1 మి.మీ. మందం అనుకుందాం. అల్యూమినియం అయితే 243 గ్రాములు తూగుతుంది. స్టీలు అయితే 700 గ్రాములు దాటుతుంది. సాంద్రతలు 2.7, 7.85 అని ఎన్నోసార్లు రాసుంటారు. రెండు ముక్కలూ చెరో చేతిలో పట్టుకుని చూడండి. ఆ సంఖ్యలు ఇక మరిచిపోరు.

ఇంటి పైకప్పుకు వాడే జింకు పూత రేకులు సులువుగా దొరుకుతాయి కదా అనిపించొచ్చు. చల్లగా వంచడానికి పర్లేదు. వాటిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మంట మీద పెట్టొద్దు. జింకు కాలితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం, వణుకు పట్టుకుంటాయి. అసలు మొదటి రెండు నెలలూ మంట జోలికే వెళ్లొద్దు.

ముందు చేతులు కాపాడుకుందాం

రేకు అంచు బ్లేడుతో సమానం. కత్తిరించిన ప్రతి ముక్క అంచునూ వెంటనే ఆకురాయితో రుద్దండి. వేలు వేసి పదును చూడొద్దు. రేకు ఎత్తేటప్పుడు, కత్తిరించేటప్పుడు తోలు గ్లౌజులు వేసుకోండి. డ్రిల్‌ తిప్పేటప్పుడు మాత్రం గ్లౌజులు తీసేయండి. తిరిగే బిట్‌కు గ్లౌజు చిక్కుకుంటే చెయ్యి కూడా దాంతోపాటే పోతుంది. డ్రిల్‌ చేసే రేకును చేత్తో పట్టుకోవద్దు, చెక్క మీద పెట్టి బిగించండి.

కళ్లద్దాలు, మూసి ఉన్న బూట్లు తప్పనిసరి. సుత్తితో సుత్తిని కొట్టొద్దు. రెండూ గట్టిపరిచిన ఉక్కే కాబట్టి పెచ్చు లేచి కంట్లో పడే ప్రమాదం ఉంది. పిడి లేని ఆకురాయి వాడితే దాని మొన అరచేతిలో దిగుతుంది.

ఇక చప్పుడు! అపార్ట్‌మెంట్‌లో ఉంటే బల్ల కాళ్ల కింద రబ్బరు మ్యాట్‌ వేయండి. చెవుల్లో ఇయర్‌ ప్లగ్స్‌ పెట్టుకోండి. మధ్యాహ్నం నిద్రవేళ, రాత్రివేళ వద్దు. పక్కింటివాళ్లకు ముందే ఒక మాట చెబితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

మొదటి పాఠం: చదరం

100 మి.మీ. చదరం. వినడానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది. చేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

స్క్రైబర్‌తో గీత గీయండి. కత్తెరతో గీతకు ఒక మిల్లీమీటరు బయటగా కత్తిరించండి. కత్తెర దవడలు పూర్తిగా మూయొద్దు. చివరిదాకా మూస్తే ప్రతి కత్తిరింపు చివరా చిన్న పంటిగాటు పడుతుంది. తర్వాత రేకును రెండు చెక్కల మధ్య పెట్టి, గీత వరకు ఆకురాయి పట్టండి. ముందుకు తోసేటప్పుడే బరువు వేయాలి. వెనక్కి వచ్చేటప్పుడు తేలిగ్గా లాక్కోవాలి. అల్యూమినియం పొడి ఆకురాయి పళ్లలో ఇరుక్కుని గీతలు పెడుతుంది. ముందే ఆకురాయికి సుద్దముక్క రుద్దితే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

హ్యాక్‌సాతో కోయాలంటే ఒక లెక్కుంది. కోసే మందం మీద ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆనాలి. అంగుళానికి 32 పళ్లంటే పంటికీ పంటికీ దూరం దాదాపు 0.8 మి.మీ. మన రేకు మందమే 1 మి.మీ. ఒకటి రెండుకు మించి పళ్లు ఆనవు. అందుకే పలచటి రేకును కోస్తుంటే బ్లేడు పట్టేసి పళ్లు ఊడిపోతాయి. రేకును రెండు చెక్కల మధ్య బిగించి, చెక్కతో కలిపి కోస్తే సరి. ల్యాబ్‌లో బ్లేడు ఎందుకు విరిగిందో ఇప్పుడు అర్థమైందా?

పూర్తయ్యాక ట్రై స్క్వేర్‌ ఆనించి వెలుతురుకు పట్టండి. సందులోంచి వెలుగు కనిపిస్తే ఇంకా పని ఉన్నట్టు. నాలుగు భుజాలూ కొలవండి. మూలల నుంచి మూలలకు రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానంగా 141.4 దగ్గర ఉండాలి. మొదటిసారి అర మిల్లీమీటరు తేడా రావడం మామూలే. పదో చదరానికి ఆ తేడా ఎంతకు తగ్గిందో మీ నోటుబుక్కే చెబుతుంది.

రెండో పాఠం: వంపు

ఇప్పుడు ఇంటర్వ్యూ ప్రశ్నకు వద్దాం. 20 మి.మీ. వెడల్పు, సరిగ్గా 100 మి.మీ. పొడవున్న పట్టీలు అరడజను కోసుకోండి. మధ్యలో గీత గీయండి. గీత రేకును చీల్చేంత లోతుగా వద్దు, వంపు గీతలకు పెన్సిలే మేలు. ఎల్‌ యాంగిల్‌ ముక్క మూలను ఆకురాయితో కొద్దిగా గుండ్రంగా చేయండి. రెండు యాంగిళ్ల మధ్య పట్టీని బిగించి, ఒక చెక్క ముక్క ఆనించి ముందు చేత్తో తోయండి. తర్వాత చెక్క మీద మ్యాలెట్‌తో కొట్టండి. నేరుగా రేకు మీద సుత్తి వేస్తే ఆ చోట రేకు సాగి వంకర తిరుగుతుంది.

వైస్‌ విప్పగానే వంపు కొంచెం వెనక్కి తెరుచుకోవడం కనిపిస్తుంది. అదే స్ప్రింగ్‌ బ్యాక్‌. 90 డిగ్రీలు కావాలంటే ఇంకొంచెం ఎక్కువ వంచాలి. ఎంత ఎక్కువ? దానికి జవాబు పుస్తకంలో కాదు, మీ చేతిలోని ఆ రేకులోనే ఉంది. కోణమానినితో కొలిచి రాసుకోండి. మెత్తటి రేకుకూ గట్టి రేకుకూ, 1 మి.మీ.కీ 0.7 మి.మీ.కీ తేడా చూడండి.

సరిగ్గా 90కి తెచ్చాక రెండు రెక్కలూ బయటి నుంచి కొలవండి. ఉదాహరణకు చెరొకటి 51.1 వచ్చిందనుకుందాం. మొత్తం 102.2. వంద ఉన్న పట్టీ పెరిగిందా? లేదు. మూల దగ్గర లోహం నిజానికి గుండ్రంగా తిరిగి వెళ్తుంది. మనం మాత్రం స్కేలుతో రెండు రెక్కలనూ లోహమే లేని ఆ మొన దాకా కొలుస్తున్నాం. ఆ 2.2 మి.మీ. తేడానే బెండ్‌ డిడక్షన్‌ అంటారు.

ఇంకో అడుగు వేద్దాం. లోపలి వంపు వ్యాసార్థం కనుక్కోవాలి. గేజి లేకపోతే డ్రిల్‌ బిట్ల కాడలు వాడండి. 4 మి.మీ. బిట్‌ కాడ వంపులో చక్కగా కూర్చుంటే వ్యాసార్థం 2 మి.మీ. అన్నమాట. అప్పుడు వ్యాసార్థం, మందం కలిపితే 3. రెండు రెక్కలకూ కలిపి 6. అందులోంచి 2.2 తీసేస్తే 3.8. వంపులో ఉన్న లోహం పొడవు అదే, అంటే బెండ్‌ అలవెన్స్‌. దాన్ని 90 డిగ్రీల రేడియన్‌ విలువ 1.57తో భాగిస్తే 2.42. అందులో 2 వ్యాసార్థం. మిగిలిన 0.42ను మందం 1తో భాగిస్తే వచ్చేది కె-ఫ్యాక్టర్‌!

క్యాడ్‌ సాఫ్ట్‌వేర్‌లో షీట్‌ మెటల్‌ పార్ట్‌ గీసేటప్పుడు అడిగే కె-ఫ్యాక్టర్‌ ఇదే. చాలామంది సాఫ్ట్‌వేర్‌ ఇచ్చిన డిఫాల్ట్‌ సంఖ్యను అలాగే వదిలేస్తారు. మీరు మాత్రం ‘నా రేకుకు, నా వంపుకు ఇంత వచ్చింది సర్‌, ఆరు పట్టీలు వంచి చూశాను’ అని చెప్పగలరు. ఆ ఒక్క వాక్యంతో ఇంటర్వ్యూ నడిచే తీరే మారిపోతుంది.

మూడో పాఠం: పెట్టె

మీ సంఖ్య సరైందో కాదో తేల్చేది పెట్టె. బయటి కొలతలు 100, 60, ఎత్తు 25 మి.మీ. అనుకుందాం. రేకు ఎంత కోయాలి? పొడవుకు 100, అటూఇటూ 25 చొప్పున కలిపితే 150. రెండు వంపులున్నాయి కాబట్టి రెండు 2.2లు తీసేయాలి. 145.6 వస్తుంది. వెడల్పుకు 60, రెండు 25లు కలిపి 110. అందులోంచి 4.4 తీస్తే 105.6. వంపు మధ్యగీత అంచు నుంచి 23.9 దగ్గర పడుతుంది. మీకు వచ్చిన డిడక్షన్‌ వేరైతే ఈ సంఖ్యలూ మారతాయి.

నాలుగు మూలల్లో చదరాలు కత్తిరించే ముందు, వంపు గీతలు కలిసే చోట 3 మి.మీ. రంధ్రం వేయండి. లేకపోతే వంచేటప్పుడు ఆ మూల చిరుగుతుంది. ఇంజినీరింగ్‌ డ్రాయింగ్స్‌లో మూలల దగ్గర చిన్న రంధ్రాలు ఎందుకుంటాయో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎదురెదురు వైపులు రెండు వంచాక అసలు చిక్కు వస్తుంది. మిగిలిన రెండు వైపులు వంచడానికి యాంగిల్‌ ముక్క పెట్టెలో పట్టదు. కొత్తవాళ్లంతా ఇక్కడే ఆగిపోతారు. లోపలి కొలతకు, అంటే 98, 58 మి.మీ.కి, అంచులు కాస్త గుండ్రంగా తీసిన చెక్క దిమ్మ తయారుచేసుకోండి. దాన్ని లోపల పెట్టి, దాని మీదకు రేకును మడవండి. ఏ వైపు ముందు వంచాలి, ఏ వైపు చివరికి ఉంచాలి అనే ఈ ఆలోచనే ఫ్యాక్టరీల్లో ప్రాసెస్‌ ప్లానింగ్‌. అక్కడ జీతం ఇచ్చేది ఈ ఆలోచనకే.

పెట్టె పూర్తయ్యాక కొలవండి. పొడవు 100కు బదులు 100.6 వస్తే బాధపడొద్దు. ఆ 0.6 ఎక్కడి నుంచి వచ్చింది? గీతలోనా, కత్తిరింపులోనా, వైస్‌లో బిగించేటప్పుడు జరిగిందా? వెతకండి. దొరికిన కారణం రాసుకోండి. పెట్టెకంటే ఆ కారణమే విలువైంది.

నాలుగో పాఠం: గిన్నె

ఇప్పటిదాకా వంచాం. ఇక లోహాన్ని సాగదీద్దాం. పాత జీన్స్‌ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, ఒకవైపు గట్టిగా కుట్టి, పొడి ఇసుక దట్టించి రెండోవైపు కూడా కుట్టేయండి. ఇదే మీ ఇసుక సంచి. 150 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి అల్యూమినియం బిళ్ల కోసుకోండి. చెక్క మ్యాలెట్‌ ఒక చివరను కోడిగుడ్డు మొనలా గుండ్రంగా చేయండి. బాల్‌ పీన్‌ సుత్తి గుండు మరీ చిన్నది. దాంతో కొడితే స్ఫోటకం మచ్చల్లా గుంటలు పడతాయి.

బిళ్లను సంచి మీద కాస్త వాల్చి పట్టుకుని, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిప్పుతూ మధ్యకు రండి. ఒక దెబ్బ మీద సగం పడేలా ఇంకో దెబ్బ వేయండి. బలంగా వద్దు, ఒకే తీరుగా వేయండి. అంచున ముడతలు వస్తాయి. అవి ఒకదాని మీద ఒకటి పడకముందే మ్యాలెట్‌తో సర్దాలి. మడత పడితే ఇక ఆ గిన్నె చీలడమే.

కాసేపటికి చప్పుడు మారుతుంది. మొదట్లో మందంగా ‘డబ్‌’మన్న రేకు ‘టంగ్‌’మంటుంది. సుత్తి ఎగిరి పడుతుంది. ఎంత కొట్టినా రూపం మారదు. దెబ్బలకు లోహం గట్టిపడిందన్నమాట. వర్క్‌ హార్డెనింగ్‌ అంటే ఇదే. ఇక మొండిగా కొడితే పగులుతుంది. వర్క్‌షాపుల్లో ఈ దశలో వేడిచేసి మెత్తబరుస్తారు. దాన్నే ఎనీలింగ్‌ అంటారు. అల్యూమినియంతో ఒక తంటా ఉంది. 660 డిగ్రీల సెల్సియస్‌ దగ్గర కరిగిపోతుంది గానీ, అంతకుముందు ఎర్రబడి మనల్ని హెచ్చరించదు. అందుకే పనివాళ్లు దాని మీద సబ్బు రుద్ది, ఆ సబ్బు నల్లబడగానే మంట తీసేస్తారు. తెలిసిన మేస్త్రి పక్కన ఉన్నప్పుడు, ఆరుబయట మాత్రమే ఇది చూడండి. ఇంట్లో వద్దు.

మొదటి గిన్నె ముద్దుగా తయారైంది. అమ్మకు చూపించారు. ఫొటో తీశారు. ఇక హ్యాక్‌సా తీసుకుని దాన్ని సగానికి కోయండి!

మనసొప్పదు. అయినా కోయండి. అంచు దగ్గర, గోడ మీద, అడుగున మందం కొలవండి. అడుగున 1 మి.మీ. ఎంతకు తగ్గిందో కనిపిస్తుంది. లోహం కొత్తగా పుట్టదు. వైశాల్యం పెరిగితే మందం తగ్గాల్సిందే. కారు డోరు ప్యానెల్‌ చేసే ప్రెస్‌లోనూ ఇదే సూత్రం. ఎక్కడ పలచబడితే అక్కడే చిరుగుతుంది. రెండో గిన్నె దాచుకోండి. మొదటిది మాత్రం మీకు పాఠం చెప్పే గురువు.

నోటుబుక్కే సర్టిఫికెట్‌

ఈ పనులన్నీ వీడియో తీసి పెడితే లైకులు రావొచ్చు. ఉద్యోగం మాత్రం నోటుబుక్కు ఇస్తుంది. ప్రతి ముక్కకూ ఒక పేజీ కేటాయించండి. చేత్తో గీసిన డ్రాయింగ్‌, రేకు రకం, కొలిచిన మందం, అనుకున్న కొలత, వచ్చిన కొలత, తేడా, తేడాకు కారణం, తర్వాతిసారి ఏం మారుస్తారు.. ఇవి ఉంటే చాలు.

రెజ్యూమేలో ‘హాబీలు: మెటల్‌ వర్క్‌’ అని రాయొద్దు. ‘1 మి.మీ. అల్యూమినియంపై చేతి పనిముట్లతో బెండ్‌ డిడక్షన్‌ కొలిచి, దాని ఆధారంగా పెట్టె చేశాను. కోరిన కొలతకు 0.6 మి.మీ. తేడా వచ్చింది. కారణం గుర్తించి రెండో పెట్టెలో తగ్గించాను’ అన్న అర్థం వచ్చేలా, మీకు నిజంగా వచ్చిన సంఖ్యలతో రాయండి. ఇంటర్వ్యూకు ఆ పెట్టె తీసుకెళ్లండి. తప్పు దాచకుండా లెక్కతో చెప్పే అభ్యర్థిని ఏ ప్రొడక్షన్‌ మేనేజరైనా తేలిగ్గా మర్చిపోరు.

ఇది ఎటు దారితీస్తుంది?

ఒక మాట నిజాయతీగా చెప్పుకోవాలి. ఇంట్లో రెండు నెలలు రేకులు వంచినంత మాత్రాన ఎవరూ ఆఫర్‌ లెటర్‌ చేతిలో పెట్టరు. ఇది కోర్సుకు బదులు కాదు. కోర్సుకు తోడు మాత్రమే. కానీ తలుపు దాకా వెళ్లినవాళ్లను లోపలికి తీసుకెళ్లేది ఇలాంటి అనుభవమే.

ఐటీఐలో ఫిట్టర్‌ రెండేళ్లు, షీట్‌ మెటల్‌ వర్కర్‌ ఏడాది ట్రేడ్‌. ఇస్రో టెక్నీషియన్‌-బి నియామకాల్లో రాత పరీక్ష తర్వాత స్కిల్‌ టెస్ట్‌ ఉంటుంది. డీఆర్‌డీవో టెక్నీషియన్‌ పోస్టులకూ ట్రేడ్‌ టెస్ట్‌ పెడతారు. రాతలో నెగ్గి అక్కడ చెయ్యి వణికితే ఇన్నాళ్ల శ్రమ వృథా. ఐటీఐ విద్యార్థులకు ఇంటి సాధన నేరుగా అక్కరకొచ్చేది ఇక్కడే.

డిప్లొమా, బీటెక్‌ పూర్తిచేసినవాళ్లు నాట్స్‌ పోర్టల్‌ ద్వారా, ఐటీఐ వాళ్లు అప్రెంటిస్‌షిప్‌ ఇండియా పోర్టల్‌ ద్వారా పరిశ్రమల్లో అప్రెంటిస్‌లుగా చేరొచ్చు. టూల్‌ డిజైన్‌ వైపు ఆసక్తి ఉంటే హైదరాబాద్‌ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ టూల్‌ డిజైన్‌ ఉంది. పదో తరగతి తర్వాత నాలుగేళ్ల టూల్‌, డై అండ్‌ మౌల్డ్‌ మేకింగ్‌ డిప్లొమాతోపాటు పైస్థాయి కోర్సులూ అక్కడ ఉన్నాయి. ప్రకటనలు, అర్హతల తాజా వివరాలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో చూసుకున్నాకే దరఖాస్తు చేయండి.

పని చూడాలంటే..

మీ ఊళ్లో రేకు పెట్టెలు, కూలర్‌ బాడీలు చేసే దుకాణం ఉండే ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టడం చూడొచ్చు. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకును లక్కలాంటి మిశ్రమం మీద అతికించి, చిన్న ఉలులతో, సుత్తితో శిల్పంలా తీర్చుతారు. భౌగోళిక గుర్తింపు పొందిన కళ అది. మన ఇసుక సంచి చేసే పనే అక్కడ ఆ మెత్తటి మిశ్రమం చేస్తుంది. దెబ్బ తిన్న లోహానికి కింద ఆసరా ఇస్తుంది.

వెళ్లినప్పుడు ఫోన్‌ పట్టుకుని వీడియోలు తీస్తూ నిలబడొద్దు. ‘అన్నా, కాసేపు చూడొచ్చా?’ అనో, ‘గురువుగారూ, ఈ అంచు ఎలా మడిచారు?’ అనో అడగండి. పనిలో ఉన్న మనిషి కూడా మంచి ప్రశ్నకు ఆగి జవాబిస్తాడు. మీరు చేసిన పెట్టె చూపిస్తే ఇంకా బాగా చెబుతాడు. మొదట నవ్వినా సరే!

‘ఇంజినీరింగ్‌ చదివి సుత్తి పట్టడమేంటి?’

ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. వేల రూపాయలు ఫీజు కట్టి చదివించిన అమ్మానాన్నల బాధ అర్థం చేసుకోవాల్సిందే. వాళ్లతో వాదించకండి. పట్టీ వంచి, లెక్క వేసి, ముందే చెప్పిన కొలత వచ్చిందని చూపించండి. మీరు చేస్తున్నది కూలిపని కాదని, చదువునే ఇంకో దారిలో చేస్తున్నారని వాళ్లే గ్రహిస్తారు.

‘ఇది అబ్బాయిల పని’ అనే అపోహ కూడా వదిలేయాలి. 300 గ్రాముల సుత్తికి కండబలం అక్కర్లేదు. దెబ్బ ఎక్కడ పడాలో తెలియాలి. ఓర్పు, కొలత, చూపు.. ఇవి ఉన్నవాళ్లదే ఈ పని.

కమ్మరి, కంచరి పని చేసే కుటుంబం నుంచి వచ్చి ఇంజినీరింగ్‌ చదువుతున్నవాళ్లు కొందరు ఆ సంగతి స్నేహితుల దగ్గర చెప్పుకోరు. దాగలి, పట్టకారు, కొలిమి ఉన్న ఇల్లు మీదైతే మీరు అందరికంటే ముందున్నట్టే లెక్క. మీ నాన్నగారికి చప్పుడు వింటే చాలు, రేకు గట్టిపడిందని తెలుస్తుంది. ఎందుకు గట్టిపడిందో మీ పుస్తకం చెబుతుంది. ఈ రెండూ ఒకే మనిషిలో కలిస్తే పరిశ్రమకు అంతకంటే కావాల్సింది ఏముంటుంది? ఆదివారం ఆయన పక్కన కూర్చోండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 రకాల సంప్రదాయ వృత్తులకు శిక్షణ, రూ.15,000 వరకు పనిముట్ల సాయం ఉన్నాయి. ఇంట్లో ఆ వృత్తిలో ఉన్నవారికి అర్హత ఉందేమో కనుక్కుని దరఖాస్తు చేయించండి.

ఈ ఆదివారమే..

పనిముట్లన్నీ కొన్నాక చూద్దాంలే అనుకుంటే ఆ రోజు రాదు. ఒక స్కేలు, ఒక ఆకురాయి, ఒక రేకు ముక్క ఉంటే చదరం మొదలుపెట్టేయొచ్చు. వైస్‌ వచ్చే నెల కొనుక్కోవచ్చు. నలుగురు స్నేహితులు కలిస్తే ఖర్చూ నాలుగు వాటాలవుతుంది.

వచ్చే ఇంటర్వ్యూలో ఎవరైనా 100 మి.మీ. పట్టీ ముందు పెట్టి ఎంతొస్తుందని అడిగితే, ‘వంద’ అని తొందరపడకండి. ‘మందం, లోపలి వ్యాసార్థం చెప్పండి సర్‌, లెక్కేసి చెబుతాను’ అనండి. మీ బ్యాగులో పెట్టె ఉంటే బల్ల మీద పెట్టండి. మిగతా మాటలు అదే మాట్లాడుతుంది.